నొక్కని మీట

మూడు రోజులుగా గడియ వేసి ఉన్న తలుపు ఆ ఉదయం బార్లా తెరిచి ఉంది. లోపల మనిషి లేడు.

ముందు చూసింది అత్తగారు. చేతిలో కాఫీ కప్పుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. కేకలేం పెట్టలేదు. "అమ్మాయ్, ఒకసారి ఇలా రా," అని పిలిచింది, గరిటె ఎక్కడ పెట్టావని అడగబోతున్నట్టు. అత్తగారు గట్టిగా అరిస్తే భయం లేదని, ఇలా మెల్లగా పిలిస్తేనే భయపడాలని కోడలికి తెలుసు. పొయ్యి ఆర్పి వచ్చింది.

మంచం మీద దుప్పటి నలుచదరంగా మడతపెట్టి ఉంది. ఆ మడత మీద సెల్‌ఫోను. బుద్ధెరిగాక ఒక్కరోజు కూడా దుప్పటి మడవని మనిషి. ఫోను లేనిదే స్నానాల గదిలోకైనా వెళ్ళని మనిషి.

"చిన్నా ఎప్పుడు వెళ్ళాడత్తయ్యా?" అంది కోడలు.

"నన్నడుగుతావేం? ఈ గుమ్మానికి అడ్డంగా పడుకుని కాపలా కాయలేదు నేను. కాయాల్సింది."

కోడలి భర్త నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. ఆయన పళ్ళ డాక్టరు. పొద్దున లేస్తే ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించడమే పని. సొంత తమ్ముడి నోరు మాత్రం మూడు రోజులుగా తెరిపించలేకపోయాడు. గదంతా కలయజూసి, బ్రష్షు బయటికి తీసి, "బయటికెళ్ళి ఉంటాడమ్మా. కాస్త గాలి పీల్చుకోడానికి," అన్నాడు.

"గాలి పీల్చుకోడానికి వెళ్ళేవాడు దుప్పటి మడతపెట్టి వెళ్తాడా?"

అత్తగారు కాఫీ కప్పును కిటికీలో పెట్టింది. పెట్టి, మళ్ళీ తీసి చేత్తోనే పట్టుకుంది.

"విమానాలు ఢీకొట్టుకోలేదు కదమ్మా," అన్నాడు భర్త. "కొట్టుకోబోయి తప్పించుకున్నాయి. దానికే వీడింత..."

"కొట్టుకోలేదు కాబట్టే మూడు రోజులు గదిలో కూర్చున్నాడు. కొట్టుకుని ఉంటే ఆ రోజే..." అత్తగారు ఆగిపోయింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, కోడలి వైపు తిరిగింది. "మళ్ళీ అడిగానని విసుక్కోకమ్మాయ్. వాడింకా నేర్చుకునేవాడు. నేర్పేదానివి నువ్వు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు. వాడు మైకులో తప్పు చెప్తుంటే నువ్వేం చేస్తున్నావు?"

"ఎన్నిసార్లమ్మా అదే ప్రశ్న?" అన్నాడు భర్త.

"నేను అమ్మాయినడిగాను. నువ్వెళ్ళి నోరు కడుక్కో."

కోడలు ఈ మూడు రోజులుగా చెప్తున్న మాటే చెప్పింది. "తెర మీద ఇంకో విమానాన్ని చూస్తున్నాను అత్తయ్యా. వాడన్నది చెవిన పడలేదు."

మొదటిరోజు ఆ మాట ముక్కలుముక్కలుగా వచ్చింది. ఇప్పుడు నున్నగా జారివచ్చింది. వాడగా వాడగా అబద్ధం కూడా అరిగి నునుపెక్కుతుంది కాబోలు.

"అన్నీ తనే చూడాలంటే ఎలాగమ్మా?" అన్నాడు భర్త. "తనకీ రెండే కళ్ళు. పైవాళ్ళకి కూడా అదే చెప్పింది. వాళ్ళే ఏమనలేదు, మధ్యలో నువ్వెందుకు పొడుస్తావు?"

అత్తగారు పొడిచినా భరించగలదు. భర్త వెనకేసుకొచ్చిన ప్రతిసారీ మాత్రం ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. ఆయన ముఖం చూడలేక, వంగి మంచం కింద చెప్పులున్నాయేమోనని వెతికింది. చెప్పులున్నాయి. బూట్లు లేవు.

"బూట్లేసుకుని వెళ్ళాడు," అంది.

ఆ మాటకి అందరి ప్రాణాలూ కాస్త కుదుటపడ్డాయి. బూట్లు వేసుకున్నవాడు ఎక్కడికో ఒకచోటికి పనిమీద వెళ్ళినట్టే లెక్క. అయినా భర్త చొక్కా గుండీలు ఎడాపెడా పెట్టుకుని, స్కూటర్ తీసుకుని వెతకడానికి బయల్దేరాడు.

*

ఆమె చూసింది. విన్నది కూడా.

ఎయిర్‌పోర్టులో విమానాలకు దారి చెప్పే ఆ గదికి కిటికీలుండవు. పగలైనా మసక దీపాలే. పెద్ద తెర మీద ఒక్కో విమానం ఒక్కో చుక్క. చుక్క పక్కన దాని ఎత్తు. నేర్చుకునేవాడు మైకులో పైలట్లతో మాట్లాడుతుంటే, నేర్పేవాళ్ళు పక్క కుర్చీలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని అదంతా వింటారు. వాళ్ళ చేతి కింద ఒక మీట ఉంటుంది. అది నొక్కితే నేర్చుకునేవాడి గొంతు తెగిపోయి, వీళ్ళ గొంతు వెళ్తుంది. శిక్షణ అంతా ఆ మీట మీదే నడుస్తుంది. ఎంత వేగంగా నొక్కితే అంత మంచి టీచరు.

ఆమె చాలా మంచి టీచరు. మరిది "ఎడమ..." అనగానే తను "కుడికి తిరగండి" అని అందుకునేది. పది మాటల్లో ఆరు ఆమెవే. గదిలో మిగతావాళ్ళు అతనికి 'సగంమాట' అని పేరు పెట్టారు. "సగంమాట గారూ, మీరు టీ తాగుతారా, లేక మిగతా సగం మేడమ్ గారు తాగుతారా?" అని అడిగేవారు. నెలన్నర కిందట ఒక సాయంత్రం మరిది ఇంటికొచ్చి సంచీ మూలకి విసిరేసి, ఇక ఆ పనికి వెళ్ళనన్నాడు.

అప్పుడు వంటింట్లో అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో నువ్వు వాడి మాట తుంచినా సర్దుకుపోతాడమ్మాయ్. నలుగురిలో తుంచకు. పడతాడో లేస్తాడో, కాస్త ఆగి చూడు. పసివాడు నడక నేర్చేటప్పుడు చెయ్యి వదలమా?"

"సరే అత్తయ్యా. వాడు తనంతట తాను దిద్దుకునేదాకా ఆ మీట ముట్టుకోను," అంది కోడలు.

వంటింట్లో ఇవ్వాల్సిన మాట కాదది. నేలమీద పడితే మోకాలు చీరుకుపోయే పసివాడి నడకా, గాల్లో వందలమందిని మోసుకెళ్ళే విమానమూ ఒకటి కాదని ఆమెకు తెలుసు. అయినా ఇచ్చింది. మంచి కోడలు, మంచి వదిన అనిపించుకోవాలని ఇచ్చింది. అనిపించుకుంది కూడా.

ఆ రోజు దిగి వస్తున్న ఒక విమానాన్ని నాలుగు వేల అడుగుల ఎత్తుకి రమ్మని అప్పటికే చెప్పి ఉన్నారు. కింద నుంచి ఇంకోటి లేచింది. దాన్ని మూడు వేల దగ్గర ఆపాలి. మరిది ఐదు వేలన్నాడు.

పైలట్ ఆ మాటే పాఠంలా తిరిగి అప్పగించాడు, "ఐదు వేలు" అని. అలా అప్పగించేదే తప్పు పట్టుకోవడానికి. మరిది విని తలూపాడు. ఆమె వేలు మీట మీదే ఉంది. ఇప్పుడు దిద్దుకుంటాడు, ఇదిగో ఇప్పుడు దిద్దుకుంటాడు, అనుకుంటూ అతని ముఖం వైపు చూసింది. తెర వైపు కాదు. తెర మీద రెండు చుక్కలూ ఎర్రగా మారి మోత మొదలయ్యాక కానీ నొక్కలేదు. ఆమె గొంతు వెళ్ళేసరికి విమానాల్లోని యంత్రాలే ఒకదాన్ని పైకెగరమని, ఒకదాన్ని కిందికి దిగమని చెప్పేశాయి. ఎదుటి విమానం పొట్ట కింద రాసి ఉన్న అక్షరాలు చదవగలిగానని ఒక పైలట్ తర్వాత చెప్పాడు. ఆ కుదుపుకి విమానంలో టీ బండి తోస్తున్న ఒక అమ్మాయి పైకప్పుకి కొట్టుకుని కింద పడి చెయ్యి విరిగింది.

గదిలో మాట్లాడినవన్నీ రికార్డవుతాయి. అందులో మరిది తప్పు ఉంది. ఆలస్యంగా వచ్చిన ఆమె గొంతు ఉంది. మధ్యలో ఆమె ఏం చేస్తూ కూర్చుందో మాత్రం లేదు. అడిగినప్పుడు, వేరే విమానాన్ని చూస్తున్నానంది. పొరపాటు పడ్డ మనిషికి మందలింపుతో సరిపోతుంది. చూస్తూ ఊరుకున్న మనిషిని కుర్చీలోంచి దింపేస్తారు. చూడలేదంటే మాత్రం ఆ తప్పు మొత్తం నేర్చుకునేవాడి నెత్తిన పడుతుంది, వాడిని ఇంటికి పంపుతారు. ఈ లెక్క ఆమె అబద్ధం చెప్పకముందే వేసుకుంది. అదే ఆమెను నిద్రపోనివ్వనిది.

*

భర్త వెళ్ళాక అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. అత్తగారు తుడిచిన బల్లే మళ్ళీ తుడిచింది. కోడలు గిన్నెలు కడిగి బోర్లించింది.

"ఒక్కటడుగుతాను," అంది అత్తగారు, గుడ్డ పిండుతూ. చూపు గుడ్డ మీదే ఉంది. "ఆ రోజు నేనన్నాను చూడు, ఆగి చూడమని. దానికీ దీనికీ ఏం సంబంధం లేదు కదా?"

కోడలు కుళాయి కట్టేసింది. ఇన్నాళ్ళూ ఆ పెద్దావిడ నోటి వెంట వచ్చిన సూటిపోటి మాటలన్నీ ఈ ఒక్క ప్రశ్న అడగలేకే వచ్చాయని అప్పటికి అర్థమైంది. కోడల్ని పొడుస్తున్నాననుకుంటూ తనని తానే పొడుచుకుంటోంది.

"లేదు అత్తయ్యా. ఏం సంబంధం లేదు."

"అంతే కదా," అంది అత్తగారు. ఊపిరి పీల్చుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపటికి తేరుకుంది. తేరుకోగానే, "అయినా పక్కనే కూర్చుని వినబడలేదంటే ఎలా నమ్మేది? నీకు పక్కింటివాళ్ళు గుసగుసలాడినా వినబడుతుందే," అని మళ్ళీ అందుకుంది.

కోడలు మళ్ళీ కుళాయి తిప్పింది.

మరిది వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. గేటు చప్పుడైంది. గడ్డం గీయించుకుని, జుట్టు కత్తిరించుకుని, చేతిలో రొట్టె పొట్లంతో లోపలికొచ్చాడు. "ఆకలేస్తోందమ్మా. గుడ్లున్నాయా?" అన్నాడు, ఏమీ జరగనట్టు.

అత్తగారు అతని చెంపలు రెండూ తడిమి చూసింది. తిట్టడానికి నోరు తెరిచింది. తిట్లు రాలేదు. గుడ్లు పగలగొట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

"ఎక్కడికెళ్ళావురా?"

"మంగలి దగ్గరికి."

"మంగలి దగ్గరికి దుప్పటి మడతపెట్టి వెళ్ళావా?"

"మడవనన్నాళ్ళూ మడవలేదని తిట్టావు. మడిచినందుక్కూడా తిడతావా?"

అత్తగారు నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీ అన్నయ్యకి ఫోన్ చెయ్. ఎడాపెడా గుండీలు పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు, చూసినవాళ్ళు పళ్ళు పీకించుకోడానికి కూడా రారు," అంది. మరిది నాలుగు గుడ్లు తిన్నాడు. తింటున్నంతసేపూ ఒక్కసారి కూడా వదిన వైపు చూడలేదు.

*

ఆమె ఆరిన బట్టలు తీయడానికి మేడమీదికెళ్తే వెనకే వచ్చాడు. దుప్పటి ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో కొసా పట్టి దగ్గరికొచ్చి మడతేశారు. విడిపోయి, మళ్ళీ దగ్గరికొచ్చారు.

"ఆఫీసుకెళ్ళొచ్చాను వదినా."

"ఏ ఆఫీసుకి?"

"మనదే. పెద్దాయన దగ్గరికి."

విచారణ జరుపుతున్నది ఆయనే. కోడలి చేతిలో దుప్పటి ఆగిపోయింది. "ఏం చెప్పావు?"

"నేను తప్పు చెప్పగానే నువ్వు స్విచ్చి నొక్కబోయావనీ, నేనే నీ చెయ్యి నెట్టేశాననీ చెప్పాను."

"నేను నొక్కబోలేదు."

"తెలుసు."

"నేను వేరే విమానాన్ని..."

"వదినా," అన్నాడు. గట్టిగా అనలేదు. "నాకూ అదే చెప్తావా?"

ఆమె ముఖం వేడెక్కింది. చెవుల దాకా పాకింది ఆ వేడి. కింద వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. మరిది ఆమె చేతిలోని దుప్పటి తీసుకుని తనే మిగతా మడత వేశాడు.

"నోరు తెరిచే ముందొకసారి, తెరిచాకొకసారి నీ వేలు చూడ్డం నాకలవాటు. నీకు తెలీదు. మొదట్నుంచీ అంతే. ఆ రోజూ చూశాను. వేలు స్విచ్చి మీదే ఉంది. నొక్కలేదు. సరే, సరిగ్గానే చెప్పానన్నమాట అనుకున్నాను."

ఆమె తీగ మీంచి ఒక క్లిప్పు తీసి పిట్టగోడ మీద పెట్టింది.

"నువ్వు దిద్దుకుంటావని చూస్తున్నాను చిన్నా," అంది.

"నువ్వు దిద్దుతావని నేను చూస్తున్నాను." నవ్వబోయాడు. పెదవులు కదిలాయి కానీ నవ్వు రాలేదు. "నీ వేలు నమ్ముకుని బతికాను వదినా. నువ్వేమో అమ్మతో ఒప్పందం చేసుకున్నావు, రాత్రి అమ్మ తనలో తనే గొణుక్కుంటుంటే తలుపు వెనక నుంచి విన్నాను. నాకూ చెప్పి ఉంటే కాస్త ఒళ్ళు దగ్గరపెట్టుకునేవాణ్ణి."

ఇప్పటిదాకా ఆమె ఒక్కటే నమ్ముకుంది. మరిది కోసమే ఆగానని. అతని పరువు కోసం, నలుగురిలో అతను తల ఎత్తుకుని తిరగడం కోసం. ఆ ఒక్క పేలికతోనే తన తప్పును ఇన్ని రోజులూ కప్పుకుంది. ఇప్పుడదీ లేదు. చెయ్యి వదిలేస్తున్నానని పసివాడికి చెప్పకుండా చెయ్యి వదిలేసింది.

"మరి చెయ్యి నెట్టేశానని ఎందుకు చెప్పావు? అలాంటివాణ్ణి జన్మలో మైకు దగ్గరికి రానివ్వరు. తప్పు మాట్లాడినవాడికైనా ఇంకో అవకాశం ఉంటుందేమో కానీ..."

"నాకా అవకాశం వద్దు. ఐదు వేలన్నది నా నోరే కదా. ఎలాగూ పోయేవాణ్ణి నేను పోతాను. ఇద్దరం పోవడం దేనికి?" ఆకాశం వైపు చూడకుండా, పిట్టగోడ మీద క్లిప్పులన్నీ వరసగా పేర్చాడు. "అన్నయ్య క్లినిక్‌లో ఏదో ఒకటి చేసుకుంటాను. రండి, కూర్చోండి, తర్వాతెవరండీ, అనడమే కదా. అక్కడైతే ఒకళ్ళ తర్వాతే ఇంకొకళ్ళు లోపలికెళ్తారు."

అది నిజంగా అతని కోరికో, ఆమె కోసం అంటున్నాడో ఆమె పోల్చుకోలేకపోయింది. అతని నోటి వెంట వచ్చి ఆమెకు అర్థం కాని మొదటి మాట అదే. ఇన్నాళ్ళూ అతను సగం అనకముందే మొత్తం తెలిసిపోయిందనుకునేది.

ఆమె ఫోను మోగింది. పెద్దాయన. మధ్యాహ్నం ఒకసారి వచ్చి వెళ్ళమన్నారు. గొంతు చాలా మర్యాదగా ఉంది.

"వెళ్ళి అవునను. ఒక్కమాట. అంతే," అన్నాడు మరిది.

*

ఆమె చీర మార్చుకుని, జుట్టు ముడేసుకుని బయటికొచ్చేసరికి అత్తగారు వీధి గుమ్మంలో కూర్చుని ఉంది. కొడుకు తిన్నాడన్న తృప్తి ఆవిడ ఒంట్లో కనబడుతోంది. కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"మళ్ళీ ఎందుకు పిలిచారు?"

"మాట్లాడటానికి."

"వాడి గురించి ఒక మంచిమాట చెప్పు. నీ మాటంటే వాళ్ళకి గురి."

కోడలు చెప్పులు వేసుకుంది. గేటు దాకా వెళ్ళి, వెనక్కొచ్చింది.

"అత్తయ్యా, పొద్దున మీరు నన్నొకటడిగారు. దానికి నేను అబద్ధం చెప్పాను."

అత్తగారు అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. చాపిన కాళ్ళు మెల్లగా దగ్గరికి ముడుచుకుంది. చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. అవసరం లేకపోయినా మళ్ళీ సర్దుకుంది. తిడుతుందనుకుని కోడలు నిలబడింది. తిడితే బాగుండేది.

"బస్సెళ్ళిపోతుంది," అంది అత్తగారు, ఎటో చూస్తూ.

ఆఫీసు వరండాలో బల్ల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కుడిచేతికి కట్టు, మెడలోంచి వేలాడే పట్టీ. ఎడమచేత్తో నీళ్ళ సీసా మూత తిప్పడానికి తంటాలు పడుతోంది. కోడలు అడక్కుండానే అందుకుని మూత తీసిచ్చింది.

"థాంక్సండీ. ఇంత చిన్న మూతకి ఇంకో మనిషి కావాల్సొస్తోంది. జడ కూడా మా చెల్లే వేస్తోంది, పాపం, రోజూ దాని బస్సు తప్పిపోతోంది." నీళ్ళు తాగి, కోడలి వైపు చూసింది. "మీరూ ఆ విమానంలోనే ఉన్నారా?"

"లేదండీ."

"అదృష్టవంతులు," అంది ఆ అమ్మాయి.

కోడలు మూత తిరిగి బిగించింది. మరీ గట్టిగా బిగించానేమోనని కాస్త వదులు చేసి ఇచ్చింది. నేనెవరో తెలుసా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో లోపల్నుంచి పిలిచారు.

గదిలో పెద్దాయనా, రాసుకోవడానికి ఒక గుమాస్తా, కిటికీ పక్కన నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడా ఉన్నారు. ఆవిడ విమానాలు నడిపి రిటైరైన మనిషట. విచారణకి సలహాకోసం పిలిపించారు. ఆవిడ తలూపింది తప్ప పలకరించలేదు.

"కూర్చోండి మేడమ్," అన్నాడు పెద్దాయన. "మీ మరిది పొద్దున వచ్చి అంతా చెప్పాడు. నాకు మొదట్నుంచీ అనుమానమే. పదిహేనేళ్ళుగా మీ పని చూస్తున్నాను, మీ చెవికి వినబడకపోవడమేమిటి? పిల్లవాడు చెయ్యి నెట్టేస్తే, అది బయటపడకూడదని, చూడలేదని తప్పు మీ మీద వేసుకున్నారు. ఇంటి మనిషి కదా, అర్థం చేసుకోగలను. మా ఇంట్లోనూ ఒక మరిది ఉన్నాడు, మా ఆవిడైతే వాడి మీద ఈగ వాలనివ్వదు."

గుమాస్తా చిన్నగా నవ్వాడు.

"అది తప్పే అనుకోండి. కానీ మనుషులు చేసే తప్పు," అన్నాడు పెద్దాయన. "ముందు చెప్పింది మార్చుకుని, అతను చెయ్యి నెట్టేసిన మాట నిజమేనని ఒక్క ముక్క అనండి. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టం."

ఆయన కళ్ళల్లో గౌరవం ఉంది. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆయన ఎవరి వైపూ అలా చూడగా ఆమె చూడలేదు. ఆ చూపు కింద ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. తిట్టించుకోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి దండ వేస్తే ఎలా నిలబడాలో తెలియదు.

"నెట్టలేదండీ," అంది.

"ఏమిటి?"

"వాడు నా చెయ్యి నెట్టలేదు. నేను అసలు నొక్కబోలేదు. విన్నాను. చూశాను. వేలు మీట మీద పెట్టుకుని కూర్చున్నాను."

గుమాస్తా చేతిలో కలం ఆగింది. పెద్దాయన ముఖంలోంచి గౌరవం ఒక్కసారిగా పోలేదు. వెలిసిన రంగులా మెల్లమెల్లగా పోయింది. అది పోతుంటే చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది ఆమెకి.

"ఎందుకు?"

"తనంతట తాను దిద్దుకునేదాకా ఆగుతానని ఇంట్లో మాటిచ్చాను."

"ఇంట్లో," అన్నాడాయన.

"అవునండీ."

"వంద మందీ, నూటయాభై మందీ కూర్చున్న విమానాల గురించి మీరు ఇంట్లో మాటిచ్చారు."

"అవునండీ. ఇంకెవరి తప్పూ లేదు. వాడు నన్ను కాపాడాలని అబద్ధం చెప్పాడు. నేను నన్ను కాపాడుకోవాలని చెప్పాను. రెండూ ఒకటి కాదు."

వరండాలో ఆ అమ్మాయి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. మాటలు తెలియడం లేదు కానీ గొంతు తెలుస్తోంది. కోడలికి ఒళ్ళు తేలికపడింది. సిగ్గు పోలేదు, కానీ మోయడానికి వీలుగా ఒక భుజం మీద సర్దుకుంది. ఇంటికెళ్ళి ముందు భర్తకి చెప్పాలి. ఆయన ఇక వెనకేసుకురాడు. అదీ మంచిదే.

"నేను వెళ్ళొచ్చాండీ?" అంటూ కుర్చీలోంచి లేవబోయింది.

"ఒక్క నిమిషం." కిటికీ పక్కనున్న ఆవిడ అప్పటికి నోరు విప్పింది. ఆ గొంతులో కోపం లేదు, జాలి లేదు. దారి అడుగుతున్నట్టు అడిగింది. "మాటిచ్చి ఎన్నాళ్ళయింది?"

"నెలన్నర."

"ఈ నెలన్నరలో ఇదే మొదటిసారా?"

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం. ఒకదాని వెనక ఒకటి దిగుతున్న రెండు విమానాలు. మధ్య దూరం తరిగిపోతుంటే, మరిదికి తట్టేదాకా ఆమె ఊరికే కూర్చుంది. తట్టింది. ఆఖరి క్షణంలో తట్టింది. తెర ఎర్రబడలేదు, మోత మోగలేదు, ఎవరూ ఏమీ రాసుకోలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఇవాళ వాడే దిద్దుకున్నాడు అత్తయ్యా," అని గొప్పగా చెప్పింది. ఇంటిల్లిపాదీ ఎంతో నవ్వుకున్నారు. ఆ విమానాల్లో ఉన్నవాళ్ళు సామాన్లు దింపుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.

అది ఆ ఇంట్లో అందరికీ సంతోషంగా గుర్తుండిపోయిన రోజు.

సగం లేచిన మనిషి మళ్ళీ కూర్చుంది.